బాలింతకు ఆ రెండో షుగర్ పరీక్ష ఇంటి దగ్గరే చేయించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడపిల్ల మీద కాన్పు దాకా ఉన్న శ్రద్ధ కాన్పయ్యాక ఉండటం లేదండి. నెలలు నిండేదాకా వేలు గుచ్చి చూస్తాం, అన్నం తగ్గించమంటాం, అవసరమైతే ఇన్సులిన్ ఇస్తాం. బిడ్డ బయటపడగానే చాలామందికి షుగర్ మామూలుకొస్తుంది. "తగ్గిపోయిందిలేమ్మా" అని ఇంటికి పంపేస్తాం. ఆ మాటే కొంప ముంచుతోంది. ఇలాంటి తల్లులకు ఆ తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. అందుకే ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూడాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. కోనసీమలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో తల్లీబిడ్డల్ని చూసే ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరైన నేను, ఆ రెండో పరీక్షకు వచ్చిన బాలింతలను చాలా తక్కువమందిని చూశాను.

అది వాళ్ల నిర్లక్ష్యం కాదు. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి వస్తుంది. పేరు రాసుకున్నది అత్తారి ఊళ్లో, షుగర్ సంగతి తెలిసింది అక్కడి ఏఎన్‌ఎంకి. కాన్పు అమలాపురంలోనో కాకినాడలోనో. ఆరో వారానికి మనిషి ఉండేది గోదావరి మధ్యనున్న లంక ఊళ్లో అమ్మ దగ్గర. మూడో నెలలోనో ఐదో నెలలోనో మళ్లీ అత్తారింటికి. ఈ మధ్యకాలంలో ఆమె షుగర్ ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండదు. పరీక్షకు రమ్మంటే పరగడుపున బయల్దేరి, రేవు దాటి, ఆటో ఎక్కి, గ్లూకోజ్ తాగాక రెండు గంటలు పీహెచ్‌సీ బల్ల మీద కూర్చోవాలి, ఒళ్లో పాలు తాగే బిడ్డతో. "పచ్చి బాలింత, గాలి తగిలితే ఇంకేమన్నా ఉందా" అని ఇంట్లో పెద్దావిడ గుమ్మం దాటనివ్వదు. వరదల్లో కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. ఇంట్లో పెట్టే తిండి చూస్తే నేతి అన్నం, సున్నుండలు, బెల్లం వేసిన కాయం (బాలింతలకు పెట్టే మందు లేహ్యం). వాటిని తప్పుపట్టడం లేదు. ఆమె షుగర్ ఎంతుందో తెలియకుండా పెడుతున్నామనే నా బాధ.

అయ్యా, ఆ ఇంటికి మన మనిషి ఎలాగూ వెళ్తోంది. ఆసుపత్రి కాన్పైతే బిడ్డను చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో గడప తొక్కాలి. 42వ రోజంటే సరిగ్గా ఆరు వారాలు. ఆ రోజు ఆశాతో పాటు ఏఎన్‌ఎం గానీ సీహెచ్‌వో (ఊరి ఆరోగ్య కేంద్రం అధికారి) గానీ పొద్దున్నే వెళ్లి, పరగడుపున ఒక చుక్క రక్తం మీటరులో చూసి, గ్లూకోజ్‌ని నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు మరో చుక్క చూడాలి. ఈలోగా బిడ్డ బరువు, పాలు పట్టే తీరు చూడొచ్చు. అంకెలు ఫోన్‌లోనే డాక్టరుకు వెళ్లాలి. రెండు గంటల రీడింగ్ 140 లోపుంటే మళ్లీ ఏడాదికి. 140 నుంచి 199 ఉంటే ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) డాక్టరు ఆమెతోనూ, వండి పెట్టే తల్లితోనూ మాట్లాడాలి. 200, అంతకుమించి వస్తే మీటరు మాట మీదే జబ్బని తేల్చకుండా ల్యాబ్‌లో నిర్ధారించాలి. అక్కడికి తీసుకెళ్లే బండి ప్రభుత్వానిదే కావాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలదా అని మీ అధికారులు అనవచ్చు. కాన్పులో రక్తం పోయి, రక్తహీనతతో ఉన్న బాలింతలో ఆ అంకెను నమ్ముకోలేం.

ఇంకో సంగతి, రక్తపు చుక్క వేసి మీటరులో పెట్టే స్ట్రిప్పులు. మా డెల్టా చెమ్మకు డబ్బా మూత సరిగా పెట్టకపోతే అవి పాడై తప్పు అంకె చూపిస్తాయి. తక్కువ స్ట్రిప్పులుండే చిన్న డబ్బాలు సరఫరా చేయండి. ఆశాకు ఈ పనికి విడిగా డబ్బులివ్వండి. ఉన్న జీతంలోనే మరో బరువు మోపొద్దు.

ఇంత తొందరెందుకంటే, రెండో కడుపు. బిడ్డ గుండె, వెన్ను ఏర్పడేది మొదటి ఎనిమిది వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం గడిచిపోతుంది. అప్పటికే తల్లికి తెలియని షుగరుంటే ఆ బిడ్డకు జరిగే హానిని ఏ ఇన్సులినూ వెనక్కి తిప్పలేదు.

డిశ్చార్జి కాగితం మీద 42వ రోజు తేదీ రాయించండి. షుగర్ వచ్చిన తల్లి పేరు అత్తారి ఊరి రికార్డు నుంచి పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం ఫోన్‌కు చేరేలా చేయండి. పి.గన్నవరం, అయినవిల్లి, ముమ్మిడివరం మండలాల లంకల్లో వచ్చే వరదలకు ముందే మొదలుపెట్టించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఏఎన్‌ఎం,
డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా