సెలవుల సంచిలో సైన్స్ ఫిక్షన్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులకు పిల్లలు లైబ్రరీ నుంచి రెండేసి పుస్తకాలు ఇంటికి తెస్తున్నారు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా చాలామంది తీసుకున్నవి సైన్స్ ఫిక్షన్ నవలలే. “పరీక్షలకు పనికొచ్చేవి వదిలేసి ఈ కథలెందుకండీ?” అని పేరెంట్స్ మీటింగుల్లో మీలో కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ నెల ఉత్తరమంతా దాని గురించే.

రాకెట్లు, రోబోల కోసమే పిల్లలు వీటి వెంట పడతారని మనం అనుకుంటాం. కానీ లోయిస్ లోరీ 1993లో రాసిన ‘ద గివర్’లో రాకెట్ ఊసే లేదు. ఆ ఊళ్లో పిల్లలకు పన్నెండేళ్లు రాగానే పెద్దలు సభ పెట్టి, ఎవరు జీవితాంతం ఏ పని చేయాలో ప్రకటిస్తారు. పిల్లల ఇష్టం ఎవరూ అడగరు. జీన్ డుప్రౌ రాసిన ‘ద సిటీ ఆఫ్ ఎంబర్’ (2003)లోనూ పన్నెండేళ్లకే ఉద్యోగం, అదీ సంచిలో చెయ్యిపెట్టి తీసిన చీటీని బట్టి. వీధుల్లో పరుగెత్తి కబుర్లు చేరవేయాలని ఆశపడ్డ లీనాకు భూగర్భంలో పైపుల పని వస్తుంది. పైపుల దగ్గరికి వెళ్లాలనుకున్న డూన్‌కు కబుర్లు మోసే పని వస్తుంది. ఇద్దరూ చీటీలు మార్చుకోవడంతో కథ నడక అందుకుంటుంది. పదో తరగతి అయ్యీ అవ్వకముందే ఎంపీసీయా, బైపీసీయా అనే మాట ఇంట్లో వింటున్న పిల్లలకు ఇది పరాయి కథలా అనిపించదు.

పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య పిల్లలు ప్రతి నియమాన్నీ “ఎందుకు?” అని నిలదీస్తారు. ఇంట్లో అలా అడిగితే ఎదురు మాట్లాడినట్టు. ఈ నవలలు మాత్రం ఒక లోకాన్ని దాని నియమాలతో సహా వాళ్ల ముందు పెట్టి, ఇది ఎవరు పెట్టారో, ఎవరికి లాభమో, తీసేస్తే ఏమవుతుందో మీరే తేల్చుకోండి అంటాయి. వీటి ఆకర్షణకు అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

ఆ లోకాన్ని చూపించే పద్ధతి కూడా పిల్లల్ని కట్టిపడేస్తుంది. ‘ద గివర్’ మూడో అధ్యాయంలో కథానాయకుడు జోనస్ స్నేహితుడితో యాపిల్ పండు విసురుకుంటూ ఆడుతుంటాడు. గాల్లో ఉండగా ఆ పండు ఒక్క క్షణం ‘మారుతుంది’. ఆకారం అదే, పరిమాణం అదే. మరి ఏం మారింది? రచయిత్రి చెప్పదు. చాలా పేజీల తర్వాతగానీ ఆ ఊరివాళ్లకు రంగులు కనిపించవని, జోనస్ చూసింది ఎరుపని తెలియదు. అప్పుడు పిల్లలు వెనక్కి తిప్పి, అంతవరకూ ఎక్కడా ఒక్క రంగు పేరూ రాలేదేమిటని వెతుకుతారు. ఏ ప్రశ్నాపత్రమూ చేయించలేనంత శ్రద్ధగా చదవడం అది. దయచేసి ఈ రహస్యం ముందే చెప్పేయకండి.

సుజాన్ కాలిన్స్ ‘ద హంగర్ గేమ్స్’ (2008)లో పదో తరగతి సంభావ్యత పాఠం దాగి ఉంది. పిల్లలు ఒకరినొకరు చంపుకునే పోటీకి ఎవరిని పంపాలో తేల్చడానికి, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల పేర్లు చీటీల్లో రాసి లాటరీ తీస్తారు. పన్నెండో ఏట ఒక చీటీ, ఆ తర్వాత ఏటా ఒకటి చొప్పున పెరుగుతాయి. తిండికి లేనివాళ్లు అదనపు చీటీ వేయించుకుంటే, ఒక్కోదానికి ఒక మనిషికి ఏడాదికి సరిపడా అరకొర తిండిగింజలు, నూనె ఇస్తారు. ఆ చీటీలూ ఏటేటా పోగవుతాయి. కథానాయిక కాట్‌నిస్ తనకు, చెల్లికి, తల్లికి కలిపి ఏటా మూడు వేయించుకుంది. పదహారేళ్లకు వయసు చీటీలు 5, తిండి చీటీలు 15, మొత్తం 20. అదే వయసున్న కలిగినింటి పిల్లకు 5 మాత్రమే. లాటరీ అందరికీ ఒకటేనంటారు, కానీ పేదింటి పిల్ల పేరు వచ్చే అవకాశం నాలుగు రెట్లు. పిల్లల చేత కాగితం మీద ఈ లెక్క వేయించండి. లెక్క తేలాక వాళ్లకు వచ్చే కోపం చూసి తీరాలి.

తొమ్మిదో తరగతి వాళ్లకు ఇంకొకటి. జూల్స్ వెర్న్ 1865 నాటి ‘ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్’లో 900 అడుగుల ఫిరంగితో మనుషుల్ని చంద్రుడి వైపు పేలుస్తారు. వేగం సెకనుకు 12,000 గజాలు, అంటే సుమారు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణ దాటడానికి కావలసిన 11.2కి ఎంత దగ్గరగా వచ్చాడో చూడండి. తేడా వచ్చింది ఫిరంగి పొడవు దగ్గర. గొట్టం 274 మీటర్లు, తొలి వేగం సున్నా. చలనం పాఠంలోని v² = u² + 2as లో వేస్తే త్వరణం సుమారు 2,20,000 మీ/సె². గురుత్వ త్వరణానికి 22 వేల రెట్లు. 45 కిలోల పిల్లవాడి మీద వెయ్యి టన్నులు మోపినట్టు, అదీ సెకనులో ఇరవయ్యో వంతులో. అదురు తగ్గించడానికి వెర్న్ అడుగున నీళ్లు పెట్టించాడు గానీ, ఆ దెబ్బకు అవి ఏ మూలకు? ఇంత గొప్ప రచయిత లెక్కలో తప్పు పట్టుకోగలిగామన్న సంతోషం పిల్లల చేత ఆ సూత్రాన్ని పది అభ్యాసాలకంటే బాగా గుర్తుపెట్టిస్తుంది.

ఇక ఇబ్బందులు. ఎక్కువమంది మొదటి ముప్పై పేజీల్లోనే పుస్తకం పక్కన పడేస్తారు. కారణం, రచయిత కల్పించిన మాటలు. పిల్లలు వాటికి డిక్షనరీ తిరగేసి, దొరక్క, ఇంగ్లీషు తమకు రాదనుకుంటారు. వింత మాటలను పెన్సిల్‌తో చుట్టి ముందుకు పొమ్మనండి. రెండు మూడు అధ్యాయాల్లో వాటంతటవే విడిపోతాయి. అప్పటికీ పేజీకి ఐదారు మామూలు మాటలు తెలియకపోతే ఆ పుస్తకం ఇంకో ఏడాది ఆగాలి. అలాంటి పిల్లలకు సత్యజిత్ రాయ్ ప్రొఫెసర్ శంకు కథలు ఇవ్వండి. డైరీ రూపంలో ఉండే చిన్న కథలు, ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి, గిరిడీలో ఉండే ఆ శాస్త్రవేత్త పిల్లి పేరు న్యూటన్.

సిరీస్‌లో రెండో భాగం ముందు పట్టుకోవడం మరో పొరపాటు. ‘హంగర్ గేమ్స్’ మూడు భాగాల కథ కాబట్టి వరుస చూసి ఇవ్వండి. వెర్న్ సముద్రయాన నవల ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ’ ఉచితంగా దొరుకుతుంది కదా అని ఏదో ఒక ప్రతి దించుకోకండి. 1870ల నాటి మెర్సియర్ అనువాదంలో దాదాపు ఐదో వంతు కోత పడింది. ఉచిత పుస్తకాలుండే గుటెన్‌బర్గ్ సైట్‌లోనే వాల్టర్ చేసిన పూర్తి అనువాదం ఉంది. అందులోని కెప్టెన్ నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడని, 1857 తిరుగుబాటులో పోరాడాడని వెర్న్ తర్వాతి నవల ‘మిస్టీరియస్ ఐలండ్’లో బయటపెడతాడు. ఈ సంగతి చెప్తే మన పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

వయసు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ‘ఎంబర్’ ఆరో తరగతి నుంచే ఇవ్వొచ్చు. ‘గివర్’ ఏడు నుంచి, కానీ 19వ అధ్యాయంలో ఒక పసిబిడ్డ ప్రాణం సూదితో తీసే దృశ్యం ఉంది. సూది వేసేది కథానాయకుడి తండ్రే. ఆ అధ్యాయం ముందు మీరు చదవండి, పిల్లలు చదివిన రోజు దగ్గరుండండి. పిల్లలు పిల్లల్ని చంపుకునే ‘హంగర్ గేమ్స్’ పదమూడేళ్లలోపు వద్దు, అన్నయ్య చదువుతున్నాడని తమ్ముడు ఎంత మారాం చేసినా సరే.

రోజుకు అరగంట చాలు. నిమిషానికి 120 మాటలు చదివినా రోజుకు 3,600 అవుతాయి. ‘గివర్’ సుమారు 43 వేల మాటలు కాబట్టి పన్నెండు రోజుల్లో పూర్తవుతుంది. ‘హంగర్ గేమ్స్’ లక్షకు దగ్గర, నెల పడుతుంది. సెలవుల్లో సగమే అయిందని కంగారుపడొద్దు. రాత్రుళ్లు ఆపలేకపోతుంటే చిట్కా ఇదీ: ఈ నవలల్లో చాలా అధ్యాయాలు ఉత్కంఠ దగ్గర ఆగుతాయి, కాబట్టి అధ్యాయం చివర కాకుండా మధ్యలో గుర్తుపెట్టి లైటు ఆర్పమనండి.

“నీతి ఏమిటి?” అని అడిగితే పిల్లలు ఒక్క ముక్కలో చెప్పేసి లేచిపోతారు. “అక్కడ నువ్వుంటే ఏ నియమం తీసేస్తావు? తీసేస్తే ఏం చెడిపోతుంది?” అని తెలుగులోనే అడగండి. చదివింది ఇంగ్లీషులో అయినా మాట తెలుగులో బాగా సాగుతుంది. రెండో ప్రశ్న దగ్గర తడబడతారు, అక్కడ కాస్త ఓపిక పట్టండి.

పుస్తకాలు బడి తెరిచిన మొదటి లైబ్రరీ పీరియడ్‌లో తిరిగి ఇవ్వాలి. పూర్తి కాకపోతే పేజీ నంబరు డైరీలో రాసి మీరు సంతకం పెట్టండి, ఇంకో రెండు వారాలు ఉంచుకోవచ్చు. మీరు చదవాలనుకుంటే పిల్లల కార్డు మీదే మూడో పుస్తకం ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు