యువజన విభాగం వార్షిక నివేదిక, 2025: పదహారేళ్ల తర్వాత పిల్లల దారి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకల వివరాలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. మా విభాగం ఈ ఏడాది పిల్లల చదువుల మీదే ఎక్కువ పని చేసింది కాబట్టి, ఇక్కడ ఆ సంగతులే రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షలు అవగానే మన ఇళ్లలో వినిపించేది ఒకటే మాట: యూనివర్సిటీకి దారి తీసే ఏ లెవెల్స్. ఊళ్లో టెన్త్ అయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అన్నట్టే. మార్చిలో పెట్టిన సమావేశంలో, చదువుతో పాటు పని కూడా నేర్పే టీ లెవెల్ కోర్సు గురించి చెబుతుంటే ఒక తండ్రి లేచి, "అది చదువు రానివాళ్లకు కదండీ?" అని అడిగారు. ఆయన్ని తప్పుపట్టను. మనలో చాలామంది పైకి అనలేదంతే.

జవాబు చెప్పింది మన సభ్యుడే ఒకాయన. టెన్త్ తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరి, ఇప్పుడు ఇక్కడ రైళ్ల తయారీలో ఇంజనీరుగా ఉన్నారు. "లేత్ మెషిన్ మీద చెయ్యి పెట్టాకే నాకు లెక్కలు అర్థమయ్యాయి" అన్నారు. ఆ తర్వాతే హాల్లో అసలు ప్రశ్నలు మొదలయ్యాయి.

టీ లెవెల్స్ 2020 సెప్టెంబరులో వచ్చాయి. రెండేళ్ల కోర్సు, మూడు ఏ లెవెల్స్‌తో సమానం. అందులో కనీసం 315 గంటలు, అంటే దాదాపు 45 రోజులు, నిజమైన పనిచోట నేర్చుకోవాలి. దాని విలువంతా అందులోనే ఉంది, చిక్కు కూడా అక్కడే. తీసుకునేవాళ్లు దొరకాలి కదా! అకౌంటింగ్ చదువుతున్న మన అమ్మాయి ఒకరిని ముందు రమ్మన్న ఆఫీసు, ఇంకో వారంలో చేరాలనగా కుదరదంది. ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి అకౌంటెన్సీ ఆఫీసు నడుపుతున్న మన సభ్యురాలు తన దగ్గరికి రమ్మన్నారు. మొదటి వారం ఫోన్ మోగితే ఆ పిల్ల పక్క టేబుల్ వైపు చూసేదట. చివరి వారానికి తనే క్లయింటుకు ఫోన్ చేసి, బిల్లులో తేడా ఎక్కడొచ్చిందో ఓపిగ్గా చెప్పింది.

మా శనివారం క్లాసులకు వచ్చేవాళ్లది ఇంకో కష్టం. జీసీఎస్‌ఈ ఇంగ్లిష్‌లోనో మ్యాథ్స్‌లోనో గ్రేడ్ 4, అంటే పాస్ గ్రేడ్, రాకపోతే పద్దెనిమిదేళ్ల దాకా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి. మ్యాథ్స్ మళ్లీ మళ్లీ రాస్తున్న అబ్బాయి ఒకడు శాతాలంటేనే పుస్తకం మూసేసేవాడు. మా వాలంటీరు ఒక రోజు, వాడి వీకెండ్ ఉద్యోగం పేస్లిప్ తెమ్మని టేబుల్ మీద పరిచారు. పన్ను ఎంత కోశారో, ఎందుకు కోశారో పావుగంటలో వాడే లెక్క తేల్చాడు.

పైస్థాయిలో మార్పులు వస్తున్నాయి. అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించిన వీ లెవెల్స్ అనే కొత్త వృత్తి విద్య కోర్సులు 2027 నుంచి మొదలవుతాయి. ఒక్కోటి ఒక ఏ లెవెల్ అంత ఉంటుంది, ఏ లెవెల్స్‌తో కలిపి చదువుకోవచ్చు. పాఠాలూ పరీక్షల మీద ప్రభుత్వం చేయించిన బెకీ ఫ్రాన్సిస్ సమీక్ష నవంబరులో వచ్చింది; అది జీసీఎస్‌ఈ పరీక్షల సమయం తగ్గించమంది. మంచిదే. కానీ 2004లోనే ప్రభుత్వం వేసిన టామ్లిన్సన్ కమిటీ పుస్తకాల చదువునీ పని చదువునీ ఒకే డిప్లొమా కిందకు తెమ్మని సూచించింది. మరుసటేడు ప్రభుత్వం కాదంది. అప్పుడే ఒప్పుకుని ఉంటే మార్చిలో ఆ తండ్రికి ఆ ప్రశ్న వచ్చేదే కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: అన్ని యూనివర్సిటీలూ అన్ని కోర్సులకూ టీ లెవెల్‌ను తీసుకోవు. చేరకముందే అడిగి తెలుసుకోండి.

ఖర్చు హాలు అద్దె, ఫోటోకాపీలు, టీలకే అయింది. లెక్కలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి.

వచ్చే ఏడాదికి మాకు కావలసింది డబ్బు కాదు, చోటు. మీ ఆఫీసులోనో క్లినిక్‌లోనో షాపులోనో ఒక విద్యార్థికి 45 రోజులు పని నేర్పగలిగితే, సర్వసభ్య సమావేశం రోజు గుమ్మం దగ్గర ఉంచే రిజిస్టర్‌లో మీ పేరు రాయండి.