మిర్చి ఏ ఊరిదో ల్యాబ్‌లో తేలుద్దా

ఒరే శీనూ,

మీ బావ కొనే కారం నిజంగా గుంటూరుదేనా, ల్యాబ్‌లో తేలుద్దా అని అడిగావుగా, తేలుద్ది గానీ పొడి మెషీన్లో వెయ్యగానే ఊరి పేరు చీటీ మీద రాదురా.

వాళ్ళు ముందు నీళ్ళ గుర్తు చూస్తారు. నీళ్ళలోని ఆక్సిజన్ పరమాణువుల్లో మామూలుదాని బరువు 16, కాస్త బరువైందానిది 18. మబ్బు సముద్రం నుంచి లోపలికి పోయేకొద్దీ ఆ బరువైంది ముందే కురిసిపోద్ది, అందుకే దూరాన, ఎత్తున పడే వానలో 18 తక్కువ, ఆ నీళ్ళు తాగిన పైర్లోనూ ఆ తేడా కనపడుద్ది. తర్వాత నేల. రాళ్ళలోని రుబీడియం అనే మూలకంలో కొంత కోట్ల ఏళ్ళ మీద స్ట్రాన్షియం 87 అనే ఇంకో మూలకంగా మారుద్ది, పాత గ్రానైట్ ఉన్నచోట అది ఎక్కువ, మహారాష్ట్ర వైపు నల్లరాతి నేలల్లో తక్కువ. వేరు లాక్కునేటప్పుడు ఆ 87కీ మిగతా స్ట్రాన్షియానికీ ఉన్న నిష్పత్తి దాదాపు మారదు, నాకు భలే నచ్చింది ఇదే!

కానీ మన దగ్గరే ఉంది మెలికంతా. పల్నాడుకి సాగర్ కుడి కాలవ, ఖమ్మానికి ఎడమ కాలవ, 1967 నుంచీ రెండు వైపులా పారేది ఒకే డ్యామ్ నీళ్ళు, పైగా ఎక్కడో మహాబలేశ్వరం దగ్గర పుట్టి వచ్చి సాగర్లో ఎండకి ఆవిరై 18 ఇంకాస్త పెరిగిన నీళ్ళు, ఇక మన వాన లెక్క ఏం పనికొస్తది చెప్పు. అందుకే బేరియం, మాంగనీస్ లాంటివి కూడా కొలిచి అన్నీ కలిపి చూస్తారు. పోల్చుకోడానికి పొలంలోంచి స్వయంగా కోసుకొచ్చిన శాంపిళ్ళు ఏటేటా దాచాలి, యూరప్ వాళ్ళు వైన్‌కి 1991 నుంచీ ఆ పనే చేస్తున్నారు. అన్నీ చేసినా రిపోర్టులో వచ్చేది "ఫలానా గుంపులో ఇముడుద్ది" లేదా "ఇమడదు" అనే. కాదని చెప్పడమే వాళ్ళకి తేలిక.

ఇంకో తిరకాసు మన గుంటూరు మిర్చి యార్డు. ప్రకాశం, కర్నూలు, తెలంగాణ, కర్ణాటక సరుకూ ఇక్కడే దిగుద్ది, కాటా ఇక్కడ పడింది గనక అన్నీ గుంటూరు మిర్చే అయిపోతాయ్. సన్నం రకానికి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకనే గుర్తింపు, ఉంది సరే, టిక్కీ (మిర్చి బస్తా) మీద రైతు ఊరు ఎవడు రాస్తున్నాడు? నాలుగు జిల్లాల కాయ ఒకే మిల్లులో పడ్డాక ల్యాబ్‌కి దొరికేది సగటు లెక్కే, ఇక దాన్ని విడదీయడం మహా కష్టం.

కాబట్టి మీ బావని పొడి కాదు, కాయలే కొనమను, ఆ పొలం మట్టి కూడా ఓ కిలో తెప్పించమను. కోల్డ్ స్టోరేజీలో ఉన్న కాయైనా పర్లేదు, రంగు తగ్గుద్దేమో గానీ స్ట్రాన్షియం ఎక్కడికీ పోదు. టెస్టు రేటు నేను కనుక్కుంటా, ఈలోపు లేబుళ్ళ మీద గుంటూరు అని ప్రింట్ కొట్టించొద్దని గట్టిగా చెప్పు.

ఉంటా మరి.