టీవీ సంగతి తర్వాత చూద్దాం

ఏరా బావా,

నీ ఉత్తరం అందింది. అంత పెద్ద ఉత్తరంలో ముప్పావు వంతు టీవీ గురించే రాశావు. 65 అంగుళాలదా, 75దా, ఓఎల్‌ఈడీనా, మినీ ఎల్‌ఈడీనా అని. గది గురించి మాత్రం "ఖాళీగానే ఉంది, ఇంకా రంగులు వెయ్యలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నాకు నీ ఉత్తరంలో నచ్చింది ఆ ముక్కే. రంగులు పడ్డాక గోడ పగలగొడతానంటే ఏ ఇంట్లోనైనా గొడవే. నీకింకా ఆ అవకాశం ఉంది కాబట్టి టీవీని కాస్త పక్కన పెట్టి, నేను చెప్పేది విను.

ముందు ఒక కుర్చీ పట్టుకెళ్లి నువ్వు కూర్చోవాలనుకున్న చోట వెయ్యి. వెనక గోడకి ఆనించి మాత్రం వెయ్యకు, కనీసం మూడడుగులైనా వదులు. గోడ దగ్గర బేస్, అంటే లోతైన శబ్దం, గుమిగూడి మాటలు ముద్దముద్దగా వినిపిస్తాయి. ఆ కుర్చీలో కూర్చుని నీ కళ్ల దగ్గర్నుంచి ఎదురు గోడ దాకా టేపు పెట్టి కొలువు. టీవీ ఎంతుండాలో ఆ కొలతే చెబుతుంది. బొమ్మ నీ చూపులో కనీసం 30 డిగ్రీల మేర పరుచుకోవాలని ఒక లెక్క, 40 డిగ్రీలైతే థియేటర్లో ఉన్నట్టే ఉంటుందని థియేటర్ల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్ల లెక్క. 65 అంగుళాల టీవీకి 30 డిగ్రీలు రావాలంటే సుమారు 9 అడుగుల దూరంలో కూర్చోవాలి, 40 కావాలంటే ఆరున్నర అడుగులు. 75 అయితే 10, ఏడున్నర. అంటే నీ కొలత 9 అడుగులొస్తే 65 సరిపోతుంది, 75 పెట్టినా కళ్లేమీ పోవు. అదే దూరం నుంచి 43 అంగుళాలది చూస్తే 4కెకీ ఫుల్ హెచ్‌డీకీ తేడా మామూలు కంటికి ఆనదు.

ఇక ఎత్తు. టీవీని గోడ మీద పటంలా పైకెక్కించి తగిలిస్తున్నారు చూడు, అది నాకు అస్సలు గిట్టదు. సోఫాలో కూర్చున్నప్పుడు నీ కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో తెర మధ్యభాగం ఇంచుమించు అక్కడే ఉండాలి. నేల నుంచి మూడున్నర అడుగులు అనుకో. రెండున్నర గంటల సినిమా మెడ ఎత్తి చూస్తే మర్నాడు తెలుస్తుంది.

ఓఎల్‌ఈడీనా, మినీ ఎల్‌ఈడీనా అన్నదానికి నీ కిటికీలే జవాబు చెప్పాలి. పగలు వెలుతురు పడే గదైతే తెర వెనక చిన్న చిన్న దీపాలుండే మినీ ఎల్‌ఈడీ. చీకటి చేసుకుని రాత్రిళ్లు చూసేవాడివైతే ఒక్కో చుక్కా దానంతటదే వెలిగి ఆరిపోయే ఓఎల్‌ఈడీ, ఆ నలుపు ఇంకెందులోనూ రాదు. ప్రొజెక్టర్ మీద మనసుంటే మాత్రం చీకటి తప్పనిసరి. పైగా దాని త్రో రేషియో, అంటే తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో, అది చూసుకోవాలి. అది 1.5 అనుకో, 100 అంగుళాల తెర వెడల్పు ఏడుంపావు అడుగులు కాబట్టి ప్రొజెక్టర్ దాదాపు 11 అడుగుల వెనక ఉండాలి. నీ గదిలో అంత చోటుందో లేదో నాకు రాయనే లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, సౌండ్. చెల్లెమ్మ ఏమందన్నావు? "మాటలు వినపడవని పెంచితే, ఫైటు రాగానే ఇల్లదిరిపోతుంది, మళ్లీ తగ్గించాలి" అని కదా. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టీవీలు పలచబడే కొద్దీ స్పీకర్లకి చోటు లేక కిందికో వెనక్కో తిప్పి పెడుతున్నారు. 5.1లో, అంటే అయిదు స్పీకర్లూ బేస్ కోసం ఒక సబ్‌వూఫరూ ఉండే ఏర్పాటులో, మాటలు చాలావరకు వచ్చేది మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకో, దాని దగ్గర మాత్రం వద్దు. టీవీకి సరిగ్గా కింద, నీ చెవుల వైపు కొంచెం పైకి వాల్చి పెట్టు. స్టాండు అరలో లోపలికి తోసేశావంటే డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది.

కుడి ఎడమ స్పీకర్లు, నువ్వు కలిసి సమబాహు త్రిభుజం అయితే చాలు. సరౌండ్ రెండూ నీ చెవులకి పక్కగా, కాస్త వెనక్కి ఉండాలి. డిగ్రీల్లో చెప్పాలంటే, నీకు ఎదురుగా ఉన్న టీవీ వైపు సున్నా అనుకుంటే, 110 దగ్గర. వైరు తక్కువ పడుతుందని వాటిని కూడా ముందు మూలల్లోనే బిగించేవాళ్లున్నారు. ఇక సరౌండ్ అని దానికి పేరెందుకు? తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ థియేటర్లలోకి 2012లో వచ్చింది, ఇళ్లలోకి 2014లో. నీకూ కావాలంటే సీలింగులో రెండు స్పీకర్లు పెడితే 5.1.2 అవుతుంది. ఇప్పుడు పెట్టకపోయినా వైర్లు మాత్రం ఇప్పుడే లాగించు. శబ్దాన్ని సీలింగుకి కొట్టించి కిందికి దించే రకం కూడా ఉంది కానీ, సీలింగు చదునుగా లేకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సబ్‌వూఫర్‌ని ఎక్కడ పెట్టాలో కొనేచోట ఎవడూ చెప్పలేడు. అది గది మీద ఆధారపడిన వ్యవహారం. 5 మీటర్ల పొడవు గదిలో 34 హెర్ట్‌జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలబడిపోయి, ఒకచోట గుండెలదిరిపోతుంటే ఇంకోచోట అసలు వినపడదు. దీనికో చిట్కా ఉంది. సబ్‌వూఫర్‌ని తీసుకెళ్లి నువ్వు కూర్చునే సోఫాలో పెట్టు. బేస్ గిటార్ బాగా వినిపించే పాటేదైనా మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టి, నువ్వు నేల మీద గోడ పక్కనే పాకుతూ విను. మూలకెళ్తే ఉరుములాగా వస్తుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. ఒక్కో గిటార్ నోటూ విడివిడిగా, సమంగా వినిపించిన చోట చాక్‌పీసుతో గీత గియ్యి. సబ్‌వూఫర్ అక్కడ పెడితే సోఫాలో నీకూ అలాగే వినిపిస్తుంది. నేనిలా పాకుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏం పోయింది, ఉంగరమా?" అని అడిగింది. పోయింది పరువే అన్నాను.

వాట్ల మోజులో పడకు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 50 వాట్లకీ 100 వాట్లకీ తేడా "కొంచెం పెరిగినట్టుంది" అనిపిస్తుంది, అంతే. డబ్బా మీద వేలల్లో అంకెలు వేసిన వాటిని చూసి నవ్వుకుని ముందుకెళ్లిపో.

రంగులకి ముందే చెయ్యాల్సింది పైపుల పని. టీవీ వెనక నుంచి ఆంప్లిఫయర్, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, పెట్టే చోటికి కనీసం ఒకటిన్నర అంగుళాల పైపు వేయించు. మామూలుగా కరెంటు వైర్లకి వేసే సన్న పైపులో, బొమ్మనీ సౌండునీ మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ తల దూరదు. వంపులు మెల్లగా తిరగాలి, లోపల ఒక తాడు వదిలెయ్యాలి. రేపు కేబుల్ మార్చాల్సొస్తే ఆ తాడే గతి. దూరం ఎక్కువైతే మామూలు రాగి కేబుల్ కాదు, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కావాలి. దానికి ఏ కొస ఎటు పెట్టాలో రాసి ఉంటుంది. పైపులోకి తోసే ముందే అది చూసుకుని, బయట రెండు వైపులా తగిలించి బొమ్మ వస్తోందో లేదో పరీక్షించమను. కరెంటు వైర్లని ఈ పైపులోకి రానివ్వకు. స్పీకర్ వైరు 16 గేజ్ చాలు, దూరం ఎక్కువున్న వాటికి 14 (అంకె తగ్గితే వైరు లావు). ప్రతి వైరుకీ రెండు కొసలా చీటీ అంటించమను, లేకపోతే అయిదు జతల వైర్లు పట్టుకుని ఏది ఎవరిదో తేల్చుకోలేక చస్తావు.

టీవీ కొనేటప్పుడు ఈఆర్క్, అంటే టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ కేబుల్లోంచే ఆంప్లిఫయర్‌కి పంపే ఏర్పాటు, ఉందో లేదో ఒక్కసారి చూడు. నువ్వు ఎక్కువగా చూసేది ఓటీటీయే కాబట్టి అక్కడొచ్చే అట్మాస్ దాని పాత రకమైన మామూలు ఆర్క్‌లోంచి కూడా వస్తుంది. బ్లూరే ప్లేయర్ని టీవీకి తగిలించి ఆ సౌండ్ పూర్తి నాణ్యతతో కావాలంటే మాత్రం ఈఆర్క్ ఉండాల్సిందే. ఉంటే మంచిదే, దానికోసం నిద్ర మానుకోకు.

సౌండ్ బార్ చాలదా అని అడిగావు. అద్దె ఇంట్లో, చిన్న గదిలో బ్రహ్మాండంగా చాలు. నీకు మాత్రం గోడలు తెరిచే ఉన్నాయి కదా, వద్దంటాను. డబ్బుకి ఇబ్బందైతే ముందు ఆంప్లిఫయర్, ముందు వైపు మూడు స్పీకర్లు కొనుక్కో. సబ్‌వూఫరూ సరౌండూ తర్వాత మెల్లగా చేర్చుకోవచ్చు. నున్నటి గోడలు, గచ్చు నేల అయితే శబ్దం గలగల్లాడుతుంది, ఒక మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు వెయ్యి.

అన్నీ పెట్టాక టీవీలో మోషన్ స్మూతింగ్ తీసెయ్యి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీసినది, మధ్యలో టీవీ సొంతంగా కొత్త ఫ్రేములు దూరిస్తే సీరియల్లా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టు, ఈ బాధే ఉండదు. ఆంప్లిఫయర్తో వచ్చిన మైకుని చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాన్ ఆపి, పిల్లల్ని బయటికి పంపి స్పీకర్ల కొలతలు తీయించు. ఆ తర్వాత స్పీకర్ల క్రాసోవర్, అంటే ఏ హెర్ట్‌జ్ కింది శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్లాలో ఆ హద్దు, 80 హెర్ట్‌జ్ దగ్గర ఉందో లేదో ఒకసారి చూసుకో.

ఇప్పుడు నాకు కావలసినవి గది పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీలు ఏ గోడకి. కాగితం మీద చేత్తో గీసినా చాలు, ఫొటో తీసి పంపు. ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు పైపులు ఎటు పోవాలో గీసి పంపిస్తాను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ