ఏ వాతావరణ శాస్త్రవేత్త?

సంపాదకులకు,

వడగాలులు మొదలైనప్పటి నుంచి వానకాలం వరదలు తీసేదాకా మన పత్రికల్లో, టీవీ చర్చల్లో 'వాతావరణ శాస్త్రవేత్త' అనే పరిచయంతో చాలామంది కనబడతారు. రేపు వాన పడుతుందా అని చెప్పేవారికీ అదే పేరు, ఇంకో యాభై ఏళ్లకు గోదావరి పరీవాహకంలో వానలు ఎట్లుంటాయో లెక్కగట్టేవారికీ అదే పేరు, చెరువులో గుర్రపుడెక్క గురించి మాట్లాడేవారికీ అదే పేరు. తప్పు సగం మన భాషదే. భూమి చుట్టూ ఉన్న గాలిపొర వాతావరణం, ఇవాళ్టి ఎండావానా వాతావరణం, పెళ్లింట్లో పండుగ వాతావరణం. బడి పుస్తకాల్లో దీర్ఘకాలపు స్థితికి 'శీతోష్ణస్థితి' అనే చక్కటి మాట ఉంది. పదో తరగతి పరీక్ష రాసి వచ్చినరోజే దాన్ని మరిచిపోతాం.

శీతోష్ణస్థితి అంటే కనీసం 30 ఏళ్ల సగటు, ఆ సగటుకు అటూ ఇటూ ఉండే ఎగుడుదిగుళ్లు. ప్రపంచ వాతావరణ సంస్థ ఇప్పుడు ప్రామాణికంగా వాడేది 1991 నుంచి 2020 వరకు కాలాన్ని. ఆ సగటు కదులుతోందా, ఎందుకు, ఎంత అన్నది శీతోష్ణస్థితి శాస్త్రవేత్త తేల్చవలసిన సంగతి. రాబోయే ఐదు రోజుల గాలి, తేమ, అల్పపీడనం చూసేది వాతావరణ సూచన నిపుణులు. రాడార్ బొమ్మలు చూసి 'ఇంకో గంటలో కాజీపేట వైపు వాన' అని ఫోన్లలో చెప్పే ఔత్సాహికులు కూడా ఉన్నారు. చాలాసార్లు సరిగ్గానే చెబుతారు, ఆ మేరకు వారి మాట వినవచ్చు. గంట ముందు వాన చెప్పగలిగారని 2050 సంగతి కూడా వారినే అడిగితే ఎట్లా? తిరగేసినా అంతే. రుతుపవనాల మీద జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్‌ను 'రేపు పత్తికి మందు కొట్టవచ్చా' అని అడిగితే, ఆయన కూడా వాతావరణ శాఖ బులెటిన్ తెరిచి చూసుకోవలసిందే.

మన దగ్గరి సంగతులే చూద్దాం. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు 'క్లౌడ్ బరస్ట్' అనీ, దాని వెనక విదేశీ కుట్ర ఉందేమో అనీ పెద్ద వేదికల మీదే వినబడింది. వాతావరణ శాఖ లెక్కలో క్లౌడ్ బరస్ట్ అంటే 20, 30 చదరపు కిలోమీటర్ల మేర గంటలో 100 మిల్లీమీటర్లు, ఆపైన పడే వాన. అది ఒక వాగును పొంగించి ఊరిని ముంచగలదు. గోదావరి పరీవాహకం 3 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత నది ఆ మట్టానికి రావాలంటే వేల చదరపు కిలోమీటర్ల మీద రోజుల తరబడి వాన కురవాలి. ఇది తేల్చడానికి శీతోష్ణస్థితి శాస్త్రవేత్త అక్కర్లేదు. గంటగంటకు పడిన వాన లెక్కలు చూసే వాతావరణ నిపుణులు ఒకరు, నీటిపారుదల ఇంజినీరు ఒకరు చాలు. చర్చల్లో ఎక్కువగా కూర్చున్నది మాత్రం ఈ ఇద్దరూ కాదు.

మరుసటి ఏడు, 2023 జూలై 27 ఉదయం 8.30 గంటలకు ముగిసిన 24 గంటల్లో, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఆ సాయంత్రమే 'ఇది వాతావరణ మార్పే' అని ఒకరు, 'అదంతా ఉత్తదే' అని ఇంకొకరు తేల్చేశారు. పని తెలిసినవారు ఇట్లా తేల్చరు. ముందు అంకె నిజమేనా అని చూస్తారు. ఆటోమేటిక్ వర్షమాపకంలో గరాటు కింద రెండు చిన్న దొప్పలు తక్కెడలా ఊగుతుంటాయి. ఒకటి నిండి ఒరిగితే ఒక లెక్క పడుతుంది. గరాటులో ఆకు ఇరుక్కున్నా, పిట్ట రెట్ట పడ్డా లెక్క ఆగుతుంది. కుండపోతలో దొప్ప ఒరిగే ఆ కాస్త సమయంలో పడే నీళ్లు లెక్కకు రావు, కాబట్టి భారీ వానలో అంకె తగ్గే ప్రమాదమే ఎక్కువ. అందుకే పక్క కేంద్రాలతో పోల్చి చూస్తారు. అదే రోజు భూపాలపల్లి జిల్లా చిట్యాలలోనూ 600 మిల్లీమీటర్లు దాటింది, కనుక లక్ష్మీదేవిపేట అంకెకు బలం వచ్చింది. తర్వాతి ప్రశ్న: రికార్డు అంటే ఎన్నేళ్లలో రికార్డు? మన మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చి ఇంకా 30 ఏళ్లు కాలేదు. ఆ ఒక్క కేంద్రంతో ధోరణి చెప్పలేం. ఆపైన భౌతికశాస్త్రం: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. ఇవన్నీ కలిపాకే 'ఇలాంటి వాన వచ్చే అవకాశం మునుపటి కంటే ఎంత పెరిగింది' అన్న లెక్కకు వస్తారు. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అన్నిటికంటే పొడి ఆగస్టు. దాంట్లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కంటే వేడెక్కడం, దాని చెయ్యి ఉంది. జూలై వరదకూ ఆగస్టు ఎండకూ ఒకే మాట కారణంగా చెప్పేవారిని కాస్త అనుమానించండి.

ఇక అర్హత. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, వకీలుకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు ఈ పనికి రిజిస్ట్రేషన్ లేదు. డిగ్రీ పేరు చూసి తేల్చుదామా అంటే అదీ కుదరదు. 1904లో మన దేశ వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు, వాతావరణ శాస్త్రం చదివినవాడు కాదు. ఎల్ నినోకు జంటగా నడిచే దక్షిణ డోలనాన్ని, అంటే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఊగిసలాటను, గుర్తించింది ఆయనే. శీతోష్ణస్థితి శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ చదివింది ఇంజినీరింగ్, మొదటి ఉద్యోగం సికింద్రాబాద్‌లో ఫ్రిజ్‌ల కంపెనీలో, గ్యాస్ లీకులు ఆపే పని. ఆ గ్యాసులే, సీఎఫ్‌సీలు, భూమిని విపరీతంగా వేడెక్కిస్తాయని 1975లో లెక్కగట్టి చూపింది ఆయనే. 2021లో శీతోష్ణస్థితి శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, క్లాస్ హాసెల్‌మన్‌లకు వచ్చిన నోబెల్ భౌతికశాస్త్రంలో. కాబట్టి 'ఆయన బీటెక్కే కదా' అని కొట్టేయడం తప్పు, 'ఆమె పీహెచ్‌డీ' అని మొక్కడమూ తప్పే. మామూలుగా నడిచే దారి మాత్రం ఇది: భౌతికశాస్త్రం, గణితం లేదా ఇంజినీరింగ్ చదివి, వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీయో ఎంటెకో చేసి, ఆపైన కొన్నేళ్ల పీహెచ్‌డీ. ద్రవగతిశాస్త్రం, వికిరణం, గణాంకశాస్త్రం, కోడు రాయడం రాకుండా ఈ దారి దాటలేరు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరు ఐఐఎస్సీ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఈ చదువుకు పేరున్న చోట్లు.

అసలు చూడవలసింది, మాట్లాడుతున్న ప్రశ్న మీద ఆ మనిషి పని చేశారా, ఆ పనిని తోటివారు పరీక్షించారా అన్నది. దీనికి పది నిమిషాలు చాలు. గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టండి. మన ఇంటిపేర్లతో వచ్చే తిప్పలు మీకు తెలుసు: 'కె. శ్రీనివాస్' అని కొడితే గుండె డాక్టరు, సిమెంటు నిపుణుడు, వాతావరణ పరిశోధకుడు కలిసి వస్తారు. ఓఆర్‌సీఐడీ అనే 16 అంకెల గుర్తింపు ఉంటే ఆ గందరగోళం పోతుంది, లేకపోతే పనిచేసే సంస్థ పేరుతో కలిపి వెతకాలి. పత్రాల శీర్షికలు చదవండి, మాట్లాడుతున్న విషయం వాటిలో ఉందా? మన యూనివర్సిటీల సిద్ధాంత వ్యాసాలు చాలావరకు శోధ్‌గంగ సైటులో ఉంటాయి, అన్నీ ఉండవు. ప్రతి పత్రానికీ ఉండే శాశ్వత గుర్తింపు, డీఓఐ నంబరు తెరిస్తే, ఉపసంహరించుకున్న పత్రమైతే ఆ ముద్ర సాధారణంగా పేజీ మీదే కనబడుతుంది. జర్నల్ 'వారం రోజుల్లో ప్రచురిస్తాం' అంటోందంటే అక్కడ పరీక్ష జరగలేదన్నట్టే. ఇద్దరు ముగ్గురు తోటి నిపుణులు చదివి, ప్రశ్నలు వేసి, జవాబులు రాబట్టడానికి నెలలు పడుతుంది. ఫీజు తీసుకున్నంత మాత్రాన మోసం అనుకోవద్దు, మంచి జర్నళ్లూ ఫీజు తీసుకుంటాయి.

వాట్సాప్‌లో అప్పుడప్పుడు తిరిగే '31 వేల మంది శాస్త్రవేత్తలు భూతాపాన్ని కాదన్నారు' అనే సందేశాన్ని ఇట్లాగే చూడాలి. అది 1998లో అమెరికాలో మొదలైన సంతకాల సేకరణ. సైన్స్‌లో బ్యాచిలర్ డిగ్రీ ఉంటే చాలు, సంతకం పెట్టవచ్చు. శీతోష్ణస్థితి శాస్త్రం కింద నిర్వాహకులు చూపిన లెక్క 39 మంది.

మనిషి సరే, ఆ శాస్త్రాన్ని నమ్మవచ్చా? బోరు పాయింటు సంగతి తీసుకుందాం. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూసేవారు, నీళ్లు పడిన బోర్ల గురించే చెబుతారు, ఎండిపోయిన బోర్లను ఎవరూ లెక్కబెట్టరు. భూగర్భ జలాల నిపుణులు నేల విద్యుత్ నిరోధాన్ని చూపే రెసిస్టివిటీ మీటరుతో కొలిచి, తప్పిన బోరును కూడా రాసిపెడతారు. నమ్మకం పుట్టేది ఆ రెండో లెక్క నుంచే. శీతోష్ణస్థితి శాస్త్రానికి తప్పిన లెక్కలూ ఉన్నాయి, అవి బయటే ఉన్నాయి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035కల్లా కరిగిపోతాయని రాశారు. అది తప్పని 2010 జనవరిలో ఒప్పుకున్నారు. ఉపగ్రహాల కొలతల్లో గాలి వేడెక్కడం లేదని 1990లలో ఒక లెక్క వచ్చింది. ఉపగ్రహం మెల్లగా కిందికి జారుతోందన్న సంగతి అందులో కలపలేదని 1998లో వేరే బృందం చూపింది, లెక్క మారింది. అనుమానంతోనే మొదలుపెట్టిన అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్, చమురు వ్యాపార కుటుంబపు ఫౌండేషన్ నిధి కూడా కొంత తీసుకొని, ఉష్ణోగ్రతల లెక్కలన్నీ మొదటి నుంచి చేశారు. 2012 నాటికి ఆయనకు వచ్చిన జవాబూ అదే: భూమి వేడెక్కుతోంది, కారణం మనిషి.

'అంకెలు సవరిస్తారు కదా' అన్నది ఇంకో అనుమానం. సవరిస్తారు, సవరించకపోతేనే తప్పు. థర్మామీటర్లు ఉండే తెల్ల చెక్కపెట్టె నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే రెక్కలతో, తలుపు ఉత్తరం వైపు ఉండాలి. దక్షిణం వైపు ఉంటే తలుపు తీసినప్పుడల్లా ఎండ లోపలికి పడుతుంది. పక్కన కొత్తగా కాంక్రీటు భవనం లేస్తే రాత్రి ఉష్ణోగ్రత ఎక్కువ చూపుతుంది, కేంద్రాన్ని ఊరి బయటికి మారిస్తే ఒక్కసారిగా పడిపోతుంది. హనుమకొండ అంకె ఒక్కటే ఒక నెలలో ఉన్నట్టుండి మారి, రామగుండం, ఖమ్మం అంకెలు కదలకపోతే, మారింది శీతోష్ణస్థితి కాదు, పెట్టె. సవరించేది దాన్నే. ప్రపంచమంతా కలిపి చూస్తే, సముద్రాల పాత కొలతలు సరిచేయడం వల్ల ఈ సవరణలతో వేడెక్కిన లెక్క కొంచెం తగ్గింది, పెరగలేదు.

ఈ శాస్త్రం మీద గురి కుదరడానికి అన్నిటికంటే గట్టి ఆధారం ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే నేల దగ్గరి గాలి వేడెక్కుతుంది, పైనున్న గాలిపొర, స్ట్రాటోస్ఫియర్, చల్లబడుతుంది అని మనాబే, వెథరాల్డ్ 1967లోనే కాగితం మీద చూపారు. సూర్యుడి వల్లే అయితే రెండూ వేడెక్కాలి. కొలతలు తర్వాత వచ్చాయి, అట్లాగే ఉన్నాయి. హవాయిలోని మౌనా లోవాలో 1958లో పది లక్షల పాళ్లలో సుమారు 315 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మన దేశ సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక.

ఇంత గట్టిగా చెప్పగలిగిన శాస్త్రం, మీ ఊరి సంగతికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. శీతోష్ణస్థితిని కంప్యూటరులో లెక్కగట్టే ప్రపంచ నమూనాలు భూమిని గడులుగా విడగొడతాయి, ఒక్కో గడి చాలావరకు 100 కిలోమీటర్ల వెడల్పు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు 140 కిలోమీటర్ల చిల్లర, అంటే రెండు గడుల దూరం కూడా లేదు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి ఏ మండలంలో 2050లో ఎంత పండుతుందో ఆ గడి చెప్పదు. ప్రాంతీయ నమూనాలతో చిన్న గడుల్లోకి దించవచ్చు, దించేకొద్దీ అనిశ్చితి పెరుగుతుంది. అందుకే 'ఇంత నుంచి ఇంత దాకా' అని చెప్పేవారికి, 'అది నా విషయం కాదు' అని చెప్పగలిగేవారికి ఎక్కువ మార్కులు వేయండి. 'మీ గ్రామంలో 2040కి 52 డిగ్రీలు' అని ఖచ్చితంగా చెప్పి, వెంటనే ఏదైనా అమ్మజూపేవారికి సున్నా.

పత్రికలు చేయగలిగింది చిన్నదే. 'వాతావరణ శాస్త్రవేత్త' అన్న మాట తీసేసి ఒక్క వాక్యం వేయండి: పేరు, పనిచేసే చోటు, దేని మీద పరిశోధన, ఇప్పుడు చెబుతున్నది అందులోదేనా. ఉదాహరణకు, 'ఫలానావారు, పుణె ఐఐటీఎం, రుతుపవన వర్షాల మీద పరిశోధన. పంట నష్టం గురించిన వ్యాఖ్య ఆమె సొంత అభిప్రాయం.' కాలమ్‌లో మూడు లైన్లు పడుతుంది.

— ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ