కెమెరా ధర అడిగే ముందు వైరు సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక చెన్నై పేజీల్లో దొంగతనం వార్త ఏది వచ్చినా, సీసీ కెమెరా దృశ్యాల ఆధారంగా పోలీసులు దర్యాప్తు చేస్తున్నారనే వాక్యం చివర తరచుగా కనిపిస్తుంది. పెరంబూరులో మా వీధికి ఆ వాక్యం అక్కరకు రాలేదు. తెల్లవారుజామున ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసి బతికే కుర్రవాడి బండి ఆషాఢంలో ఒక రాత్రి మా వీధిలోనే పోయింది. బండి నిలిపిన చోటుకు అటూ ఇటూ ఉన్న నాలుగు ఇళ్లకు కెమెరాలున్నాయి. ఒకటి రెండో అంతస్తు పిట్టగోడ కింద ఉండటం వల్ల దానిలో నడినెత్తి తప్ప ముఖం కనిపించలేదు. రెండోదాని అద్దానికి అడ్డంగా సాలెగూడు అల్లుకుని రాత్రంతా తెల్లటి మసక తప్ప మరేమీ నమోదు కాలేదు. మూడోదానిలో బొమ్మ ఉంది కానీ రికార్డరు గడియారం గంటా నలభై నిమిషాలు వెనకబడి ఉండటంతో, వెతికే సమయం దొరకబుచ్చుకునేలోగా రెండు రోజులు గడిచి పాత దృశ్యాల మీద కొత్తవి చేరిపోయాయి. నాలుగోది చీకటి పడగానే ఆగిపోయి తెల్లవారాక మళ్లీ పనిచేస్తోందని ఆ ఇంటివారికి అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే వారు పగటిపూట మాత్రమే ఫోనులో చూసుకునేవారు. ఈ నాలుగు ఇళ్లవారూ డబ్బు పెట్టి, నమ్మి పెట్టించుకున్నవారే. అందుకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను టెలిఫోన్ శాఖలో ముప్పై మూడేళ్లు కేబుల్ పనులు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ రాత్రి తరవాత ఇరుగుపొరుగువారు ఏ కెమెరా కొనమంటారని నన్ను అడుగుతున్నారు. దుకాణానికి వెళ్లినవారు మొదట అడిగేది ఎన్ని మెగాపిక్సెళ్లని, రెండోది ధర ఎంతని. నా అనుభవంలో ఆరుబయట పెట్టే కెమెరా వయసును నిర్ణయించేది ఆ రెండూ కాదు, దాని వెనక గోడ వెంట నడిచే వైరు.

అయితే వైరుకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఎక్కడ నిలబడిన మనిషి ముఖం మనకు కావాలి? గేటు దగ్గరా, వాకిట్లోనా, వీధికి అవతలి పక్కనా? అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2014లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం, ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తుపట్టడానికి ఆ మనిషి ఉన్నచోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, ఉండాలి. తెలిసినవాడని పోల్చుకోవడానికి 125 చాలు. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ అడ్డంగా 1,920 పిక్సెళ్లు, నాలుగు మెగాపిక్సెళ్లది సాధారణంగా 2,560. అంటే నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా కూడా సుమారు పది మీటర్ల వెడల్పు వరకే తెలియని ముఖాన్ని పట్టివ్వగలదు. దుకాణాల్లో అడగకపోయినా చేతికిచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు 100 డిగ్రీల విశాలంగా చూస్తుంది కాబట్టి ఆ పది మీటర్ల వెడల్పు నాలుగు మీటర్ల దూరంలోనే నిండిపోతుంది. వీధి మొత్తం కనిపిస్తోందని సంతోషిస్తాం, కానీ వీధిలో నిలబడినవాడెవడో తెలియదు. గేటు ఎనిమిది, పది మీటర్ల దూరంలో ఉన్న ఇళ్లకు 6 మిల్లీమీటర్ల లెన్సు అవసరం. అది చూసే మేర సన్నగా ఉంటుంది గాని ముఖం నిలుస్తుంది. నా సలహా ఏమిటంటే, వాకిలంతా చూసే కెమెరా ఒకటి, గేటును మాత్రమే చూసే సన్నని కెమెరా ఒకటి, ఇలా రెండు మధ్యరకం కెమెరాలు ఒక ఖరీదైన కెమెరాకన్నా మేలు. రెండింటినీ నేల నుంచి రెండున్నర మూడు మీటర్ల ఎత్తులోనే బిగించాలి. చేతికి అందుతుందేమోనన్న భయం ఉంటే దెబ్బకు తట్టుకునే ఐకే10 గుర్తు ఉన్నది కొనుక్కోవచ్చు. పైకి తీసుకుపోయి పిట్టగోడకు కడితే పొందేది నడినెత్తి బొమ్మే.

రాత్రి చూపు గురించి దుకాణదారు చెప్పే మాటలను జాగ్రత్తగా వినాలి. ఎనిమిది మెగాపిక్సెళ్లను కెమెరాలో వెలుగును పట్టే చిన్న సెన్సరులోకి కుక్కితే ఒక్కొక్క పిక్సెల్‌కు అందే వెలుగు తగ్గి, పగలు అద్భుతంగా ఉన్న బొమ్మ రాత్రి గింజలు గింజలుగా మారుతుంది. అదే ధరలో పెద్ద సెన్సరున్న నాలుగు మెగాపిక్సెళ్లది దొరికితే నేను దానినే ఎంచుకుంటాను. చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే పరారుణ దీపాల చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. నెలకొకసారి పొడి గుడ్డతో తుడవడం తప్ప దీనికి వేరే మందు లేదు. తూర్పు ముఖం గేటు ఉన్న ఇళ్లలో ఉదయపు ఎండ వల్ల వచ్చేవారి ముఖాలు నల్లగా పడతాయి కాబట్టి డబ్ల్యూడీఆర్ అనే సదుపాయం ఉందో లేదో అడగాలి. బండి నంబరు ప్లేటు చదవాలంటే దానికి వేరే కెమెరా ఉండాలి. మామూలు కెమెరాలో రాత్రిపూట ప్లేటు పరారుణ వెలుగుకు తళుక్కుమని తెల్లబడిపోతుంది.

ఇక వైరు. మా వీధిలో సగం ఇళ్లలో ఉన్నవి డీవీఆర్ అనే రికార్డరుకు కలిపే పాత పద్ధతి కెమెరాలు. వాటికి త్రీ ప్లస్ వన్ అనే కేబుల్ వాడతారు. బొమ్మ ఒక తీగలో, 12 వోల్టుల కరెంటు పక్కనున్న సన్నని తీగల్లో వెళుతుంది. 12 వోల్టులు సన్నని తీగలో దూరం ప్రయాణిస్తే దారిలోనే కొంత పోతుంది. పగలు కెమెరా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి నెట్టుకొస్తుంది. చీకటి పడి పరారుణ దీపాలు వెలిగేసరికి ఎక్కువ కావలసి వస్తుంది, వోల్టేజి పడిపోతుంది, కెమెరా ఆగిపోతుంది. మా వీధి నాలుగో ఇంటి రోగం సరిగ్గా ఇదే. వోల్టు మీటరు పెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తేలింది. ఆ ఇంటివారు అప్పటికే కెమెరా చెడిపోయిందనుకుని కొత్తది కొనడానికి సిద్ధమయ్యారు.

కొత్తగా పెట్టించుకునేవారు క్యాట్ 6 అనే ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటూ బొమ్మా రెండూ నడిచే పీఓఈ పద్ధతికి వెళ్లడం మంచిది. దాని మొదటి ప్రమాణం 2003లో వచ్చింది. కెమెరాల కేబుళ్లు వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్చి దగ్గర 15.4 వాట్లు ఇస్తే వంద మీటర్ల చివర కూడా 12.95 వాట్లు అందాలన్నది దాని నియమం, మామూలు ఇంటి కెమెరాకు అది ధారాళంగా సరిపోతుంది. అందులో నడిచేది 12 వోల్టులు కాదు, 48 వోల్టుల చుట్టుపక్కల. మా ఎక్స్ఛేంజీల నుంచి ఇంటింటి ఫోనుకు వెళ్లిన వోల్టేజీ అదే కాబట్టి ఈ పద్ధతి మీద నాకు కొంత మమకారం ఉన్న మాట నిజం. అయినా లెక్క ప్రకారం చూసినా, అవే వాట్లకు వోల్టేజి పెరిగితే కరెంటు తగ్గుతుంది, దారిలో పోయే నష్టమూ తగ్గుతుంది.

ఇక్కడే కొనేవారు ఎక్కువగా మోసపోతున్నారు. రాగి కేబుల్ పేరుతో అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్‌ను అంటగడుతున్నారు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో తిరిగి చూస్తే రెండూ పక్కపక్కనే దొరుకుతాయి, పైకి ఒకేలా ఉంటాయి. పూత తీగ కరెంటుకు పెట్టే అడ్డు రాగి తీగకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పైగా రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది, తేమ తగిలిన చోట తొందరగా తుప్పు తినేస్తుంది. పరీక్ష సులువు. ఒక తీగ చివరను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనబడుతుంది, అసలు రాగి ఎంత గీకినా రాగి రంగే. పెట్టె బరువు కూడా చెబుతుంది, రాగిదే బరువు. కెమెరా మారిస్తే గంట పని, గోడలోపల వేసిన వైరు మార్చాలంటే ఇల్లు పగలగొట్టాలి. అందుకే డబ్బు తక్కువైతే కెమెరాలో తగ్గించుకోండి కానీ వైరులో తగ్గించుకోవద్దని అందరికీ చెబుతున్నాను.

కెమెరా మీద ఐపీ66 అనో ఐపీ67 అనో రాసి ఉండటం చూసి వానకు భయం లేదనుకోవడం పొరపాటు. ఆ అంకెలు కెమెరా పైతొడుగుకు సంబంధించినవి. ధూళి చొరదని, నీటి ధార కొట్టినా, రెండోదైతే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా లోపలికి పోదని వాటి అర్థం. కెమెరా వెనక వేలాడే తోక, దాని చివర కనెక్టరు ఆ హామీలోకి రావు. చెన్నైలో చాలా కెమెరాలు చచ్చేది అక్కడే. తడిసిన కనెక్టరులో నిరంతరం డీసీ నడుస్తుంటే పిన్నులు పచ్చగా చిలుముపట్టి కరిగిపోతాయి. టెలిఫోన్ లైన్లకు ధన ధ్రువాన్ని భూమికి కట్టి తీగలో రుణ వోల్టేజి నడపడానికి కారణం ఈ తినివేతను తగ్గించడమే. ఇంట్లో చేయగలిగింది ఇంతే: కనెక్టరును మూత ఉన్న జంక్షన్ బాక్సులో పెట్టించాలి. కేబుల్ బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూస్తే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎండకు పగలని నల్లటి బయటి రకం కేబుల్ వాడాలి, లేదా పైపులో నడపాలి. ఒక కట్టడం నుంచి పక్క కట్టడానికి రాగి తీగ లాగితే పిడుగు పడినప్పుడు రెండు వైపులా సామాను పోయే ప్రమాదం ఉంది, అక్కడికి ఫైబరు ఉత్తమం.

వైఫై కెమెరాలు చౌక, గోడ తొలచనక్కరలేదు అంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడు ఈ నగరంలో ఎన్నో చోట్ల రోజుల తరబడి కరెంటూ ఇంటర్నెట్టూ లేవు. ఇళ్లు వదిలి బంధువుల దగ్గరకు వెళ్లినవారికి కెమెరా అన్నిటికన్నా అవసరమైన రోజులవి. దృశ్యాలను ఇంట్లో కాక ఇంటర్నెట్ ద్వారా దూరాన దాచే క్లౌడును నమ్ముకున్న కెమెరాలు ఆ రోజుల్లో ఏమీ దాచలేవు. నాలుగు పీఓఈ కెమెరాలు, ఒక రికార్డరు కలిపి సుమారు 50 వాట్లు తీసుకుంటాయి. వాటిని ఇంటి ఇన్వర్టరు మీదికి మారిస్తే, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వేరే లోడు లేనప్పుడు ఒక రాత్రంతా వాటిని నడుపుతుంది. రికార్డరును మాత్రం నేల మీద కాక నీరు చేరని ఎత్తులో పెట్టాలి.

హార్డ్ డిస్కు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక కెమెరా సెకనుకు నాలుగు మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 43 గిగాబైట్లు అవుతుంది. నాలుగు కెమెరాలకు నెల రోజులు నిలవాలంటే అయిదు టెరాబైట్లకు పైగా కావాలి. దృశ్యాలను కుదించి దాచే హెచ్.265 పద్ధతిలో దీనిని సుమారు సగానికి తగ్గించుకోవచ్చు. మా వీధి మూడో ఇంట్లో ఉన్నది ఒకే ఒక టెరాబైటు, అదీ ఎనిమిది కెమెరాలకు. సంఘటన జరిగిన వెంటనే ఆ భాగాన్ని రికార్డరులోంచి ఫైలుగా వేరే డిస్కులోకి తీసి భద్రపరచాలి. తెరకు ఎదురుగా ఫోను పట్టుకుని తీసిన వీడియో చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ఇలాంటి రికార్డుకు ధ్రువపత్రం కోరుతుంది, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు తరవాత మారిందో లేదో పట్టించే గుర్తు, రాయాలి.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ 2024 ఏప్రిల్ 9న ఇచ్చిన నోటిఫికేషన్ వల్ల, 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. కొనే మోడల్ ఆ పరీక్ష నెగ్గినట్లు కాగితం చూపమని దుకాణదారును అడిగే హక్కు మనకుంది. దానితో పని అయిపోదు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలను, రికార్డర్లను లొంగదీసుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చకపోవడం వల్లనే. కెమెరాలు బిగించి వెళ్లే పనివాడు తనకు తెలిసిన పాస్‌వర్డే వీధంతటికీ పెట్టిపోతున్నాడు. దానిని ఆ సాయంత్రమే మార్చుకోండి. ఎదురింటి కిటికీ, పక్కింటి పెరడు మన బొమ్మలో పడుతుంటే ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ఏర్పాటు ప్రతి మంచి కెమెరాలోనూ ఉంది, దానిని వాడటం పొరుగువారి పట్ల మనం చూపవలసిన కనీస గౌరవం.

మా వీధివారం మాట్లాడుకుని, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా నాలుగు ఇళ్ల వైర్లనూ రాగి కేబుల్‌కు మార్చి, వీధి మొదట్లో గేటు ఎత్తున ఒక సన్నని లెన్సు కెమెరా పెట్టాలని నిర్ణయించుకున్నాం. పాలబ్బాయికి మాత్రం బండి తిరిగి రాలేదు. ఇప్పుడు అద్దె సైకిలు మీద వేస్తున్నాడు. సముద్రానికి దగ్గరగా రాయపురం, తిరువొత్తియూరు వైపు ఉన్న మీ పాఠకుల్లో ఆరుబయట కెమెరాలు అయిదేళ్లకు పైగా నడిపినవారు ఎవరైనా ఉంటే, ఉప్పుగాలికి ఏ రకం కనెక్టర్లు, ఏ రకం బాక్సులు తట్టుకున్నాయో ఈ శీర్షికకు రాయవలసిందిగా కోరుతున్నాను. మేము సామాను కొనేది వచ్చే నెల మొదటి వారంలో.

ఇట్లు,
టెలిఫోన్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై