ఇంటి మోటారు నడిపే కంప్యూటరుకు గడువు ఎప్పుడో చెప్పండి

సంపాదకులకు నమస్కారాలు.

నల్లగొండలో ఇప్పుడు కొత్త ఇల్లు కట్టేవాళ్లు వైరింగుతో పాటు ‘స్మార్ట్ హోమ్’ పని కూడా మాట్లాడుకుంటున్నారు. లైట్లు, ఫ్యాన్లు, గేటు దగ్గరి కెమెరా, సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, అన్నింటినీ ఒక చిన్న కంప్యూటరు చేతిలో పెడుతున్నారు. ఆ కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌లో ఏ రకం వేశారు, దానికి భద్రతా సవరణలు ఎప్పటిదాకా వస్తాయి అన్న సంగతి మాత్రం ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు లేరు. అది తెలియక మేము పడ్డ నష్టం ఇంకొకరికి జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా భార్యకు మోకాళ్ల నొప్పులు. ట్యాంకు నిండిందో లేదో చూడడానికి ఆమె మెట్లెక్కలేదు. అందుకని పట్టణంలో ఈ పని చేసే ఒకరిని పిలిపిస్తే, మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 20.04 అనే లైనక్స్ వేసి, దాని మీద ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ‘సూపర్‌వైజ్డ్’ పద్ధతిలో ఎక్కించి ఇచ్చారు. ఏడాదికి పైగా చక్కగా నడిచింది. కానీ ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు లేదన్న హెచ్చరిక మొదటి రోజు నుంచీ సెట్టింగుల్లో కనిపిస్తూనే ఉండేది. అడిగితే, ‘అది అట్లనే వస్తది సార్, నడుస్తుంది కదా’ అన్నారు. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, అయినా ఆ మాట నమ్మి ఊరుకున్నాను.

గత శ్రావణంలో, ఉబుంటు గడువు అయిపోయిందని అదే మనిషి దూరం నుంచే దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చి, రీస్టార్ట్ మాత్రం తర్వాతెప్పుడైనా చేసుకోవచ్చని వదిలేశారు. రెండు రోజుల తర్వాత రాత్రిపూట మోటారు నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగి రాగానే మోటారును ఆన్, ఆఫ్ చేయడానికి పెట్టిన రిలే అనే స్విచ్ తాను ఆగిపోయే ముందు ఏ స్థితిలో ఉందో ఆ స్థితికే, అంటే ఆన్‌కే వెళ్లింది. కంప్యూటరు కూడా లేచింది గానీ, సగంలో ఆగిన ఆ మార్పు వల్ల, హోమ్ అసిస్టెంట్‌కు ఆధారంగా ఉండే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ మొదలు కాలేదు. డాకర్ లేకపోతే హోమ్ అసిస్టెంట్ లేవదు. ట్యాంకు నిండిందని పైనున్న సెన్సార్ పంపుతున్న కబురు అందుకునే దిక్కు లేకపోయింది. మాడిన రబ్బరు వాసనకు మెలకువ వచ్చి చూస్తే, సంపు అడుగంటి, నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మోటారు సీలు కాలిపోయింది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి నేను. సంపు నిండా ఉన్న మంచినీళ్లు మోరీ పాలు కావడం చూసి నాకు కలిగిన బాధ మోటారు ఖర్చుతో పోయేది కాదు.

తర్వాత కూర్చుని ఆ హెచ్చరికకు అర్థమేమిటో తెలుసుకున్నాను. ‘మద్దతు లేదు’ అన్న మాటలో నిజానికి రెండు సంగతులున్నాయి. ఒకటి, లైనక్స్‌కే గడువు తీరడం. ఉబుంటులో ఎక్కువ కాలం మద్దతుండే ఎల్‌టీఎస్ వెర్షన్లకు మామూలుగా ఐదేళ్లే సవరణలు వస్తాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 20.04కు 2025 మే నెలతో అవి ముగిశాయి. ఉబుంటు ప్రో అనే పథకం కింద ఆ గడువు పదేళ్ల వరకు పెరుగుతుంది, సొంత వాడకానికి ఐదు కంప్యూటర్ల వరకు ఉచితం కూడా. కాకపోతే దాన్ని ఎవరైనా పనిగట్టుకుని జోడించాలి. రెండోది, లైనక్స్ బాగానే ఉన్నా దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ తయారీదారులు దాన్ని ఒప్పుకోకపోవడం. సూపర్‌వైజ్డ్ పద్ధతిలో ఆ సాఫ్ట్‌వేరే డాకర్‌ను, నెట్‌వర్క్‌ను, మొత్తం యంత్రాన్నీ చూసుకుంటుంది కనుక వాళ్లు డెబియన్ అనే లైనక్స్‌ను తప్ప వేరేదాన్ని అంగీకరించలేదు. చివరికి ఆ పద్ధతినే, దానితో పాటు పాత తరం 32 బిట్ యంత్రాలనూ వదులుకుంటున్నట్టు 2025 మేలో ప్రకటించి, 2025.12 విడుదల తర్వాత ఆపేశారు. ఇందులో వాళ్ల తప్పు నాకు కనబడదు. ప్రతి లైనక్స్ మీదా ప్రతి నెలా పరీక్షించి చూడడం ఎవరి తరమూ కాదు. ఆ హెచ్చరికను ఇంటివాళ్లకు విడమరిచి చెప్పకుండా డబ్బులు తీసుకుని వెళ్లిపోవడమే తప్పు.

మోటారు కాలడం కంటే పెద్ద ప్రమాదమూ ఉంది. 2023 మార్చిలో హోమ్ అసిస్టెంట్‌ను చూసుకునే సూపర్‌వైజర్ అనే భాగంలో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు లోపలికి వచ్చే వీలున్న లోపమది. సవరణ వెంటనే వచ్చింది, చాలా ఇళ్లకు దానంతటదే చేరింది. అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రానికి అటువంటి సవరణ ఏ దారిన చేరుతుంది? కొన్ని ఇళ్లలో ఫోనులో చూసుకోవడానికి రౌటర్‌లో 8123 పోర్టు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి హోమ్ అసిస్టెంట్‌కు దారి, తెరిచి పెడుతున్నారు. అటువంటి ఇంట్లో గేటు కెమెరా కూడా అదే కంప్యూటరు మీద ఉందన్న సంగతి మరవకూడదు.

నేను చేసిన మరమ్మతు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అదే డెస్క్‌టాప్ 64 బిట్‌ది, కంప్యూటరును లేపే కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐ ఉన్నది కనుక అందులో ఉబుంటు తీసేసి హోమ్ అసిస్టెంట్ వాళ్ల సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, బ్యాకప్ ఫైలు ఎక్కించాను. సెన్సార్లు, పాత ఏర్పాట్లు అన్నీ తిరిగి వచ్చాయి. ఆ కంప్యూటరును వేరే పనులకూ వాడుకునేవాళ్లు గడువున్న లైనక్స్ మీద హోమ్ అసిస్టెంట్‌ను డాకర్ కంటైనర్‌గా, అంటే డాకర్ లోపల విడి సాఫ్ట్‌వేర్‌గా, నడుపుకోవచ్చు. అప్పుడు యాడ్-ఆన్లు అనే అదనపు సాఫ్ట్‌వేర్లు ఉండవు, వాటి బదులు కావలసినవి విడిగా పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా మా ఎలక్ట్రీషియన్‌తో మోటారు స్టార్టర్ కాయిల్ వైరులో, నీటి మట్టాన్ని బట్టి పనిచేసే రెండు ఫ్లోట్ స్విచ్‌లు వేయించాను, ఒకటి పై ట్యాంకుకు, ఒకటి సంపుకు. కరెంటు వచ్చినప్పుడు రిలే ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ మార్చాను. ఇప్పుడు కంప్యూటరు లేచినా లేవకపోయినా ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది, సంపు అడుగంటినా ఆగుతుంది.

ఈ పని చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. పని అప్పగించే రోజు ఒక కాగితం మీద, వేసిన లైనక్స్ పేరు, దాని గడువు ముగిసే నెల, హోమ్ అసిస్టెంట్ ఏ పద్ధతిలో పెట్టారు, బ్యాకప్ ఎక్కడుంది అన్నవి రాసి, పాస్‌వర్డులతో సహా ఇంటివాళ్లకు ఇవ్వండి. మన పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రికల్, కంప్యూటర్ విద్యార్థులను కలిపి ఈ పని నేర్పిస్తే బాగుంటుంది, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ సరిగ్గా ఆ రెండింటి మధ్య సందులోనే తగిలింది. మీ పత్రిక కూడా ఈ విషయం మీద తెలుగులో ఒక వివరమైన వ్యాసం వేయించాలని కోరుతున్నాను. అటువంటి కాగితాన్ని నేనే రాసి మా మీటరు బోర్డు పక్కన అంటించాను. పక్కింటివాళ్లు అది చూసి, తమ ఇంట్లో ఏముందో చెప్పమని మొన్న నన్ను పిలిచారు. వాళ్ల కంప్యూటరులోనూ 20.04యే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపన్యాసకుడు,
నల్లగొండ